మా పక్కింటాయన ఫైన్ అన్న రోజు

"ఐయామ్ ఫైన్ సార్. థాంక్యూ సార్. హౌ ఆర్ యూ సార్?" అని మా పక్కింటాయన కంపెనీ డాక్టరుతో అంటున్నప్పుడు నేను గుమ్మానికి ఇవతల బల్ల మీద కూర్చుని ఉన్నాను. గుమ్మానికి ఆకుపచ్చ గుడ్డ వేలాడదీశారు గానీ అది మోకాళ్ల దాకానే వచ్చింది. మాటలకు అడ్డం అసలే రాలేదు. డాక్టరు నవ్విన చప్పుడు వినబడింది. భోజనం బాగా చేస్తున్నావా అని ఇంగ్లీషులో అడిగాడు. వెరీ వెల్ సార్. నిద్ర పడుతోందా అన్నాడు. వెరీ వెల్ సార్. చొక్కా విప్పమనలేదు. చొక్కా మీంచే గొట్టం ఒకసారి ఆనించి ఉంటాడు. తర్వాత రబ్బరు స్టాంపు బల్ల మీద దబ్బున పడింది.

మా పక్కింటాయన బయటికి వచ్చాడు. వరండా దాటాడు, మెట్లు దిగాడు, సైకిల్ స్టాండు దాకా తల ఎత్తుకుని నడిచాడు. అక్కడ ఎవరిదో సైకిలు సీటు పట్టుకుని దగ్గడం మొదలుపెట్టాడు. లోపలున్న అయిదు నిమిషాలూ బిగబట్టిన దగ్గు అది. ఆ సైకిలు, దాని పక్కది, ఆ పక్కది కూడా ఊగాయి. చివరికి నేల మీద చతికిలబడి, నల్లగా ఉమ్మేసి, కళ్లు తుడుచుకుని, నావైపు తిరిగి అడిగిన మొదటి మాట, "ఇంగ్లీషు ఎలగుంది బావా?"

బాగుందన్నాను. నిజంగానే బాగుంది. ఒక్క తప్పు లేదు. ఆయన ఆ గదిలోకి వెళ్లింది మాత్రం తనకు ఒంట్లో బాగోలేదని చెప్పుకోవడానికి.

ఇది తొంభైల మధ్యలో మాట. ఆయన హార్బర్లో ఓడల నుంచి సరుకు దించే ఒక కంపెనీలో కళాసీ. స్టీలు ప్లాంటు కోసం వచ్చే బొగ్గు కొంత ఓడ అడుగున, క్రేను తొట్టి అందుకోలేని మూలల్లో మిగిలిపోతుంది. దాన్ని పారలతో మధ్యకు లాగే ముఠా ఒకటి ఉంటుంది. పదిహేడేళ్లుగా ఆయన పని అదే. పైన ఎంత ఎండ కాసినా లోపల మసక చీకటి. దుమ్ము కిందికి దిగేలోపు ఇంకో తొట్టి వచ్చి మళ్లీ లేపుతుంది. రెండేళ్లుగా ఆయనకు దగ్గు. మెట్లెక్కితే ఆయాసం. ఓడలోంచి పైకి రావడానికి నిలువు ఇనప నిచ్చెన ఎక్కాలి. ఒకరోజు దాని మధ్యలో ఆగిపోతే కింద ఉన్నవాడు భుజంతో నెట్టి పైకి తెచ్చాడు.

అప్పట్నుంచి ఆయనకు ఒకటే కోరిక. షెడ్డులో టాలీ రాసే పనికి మారాలి. దిగిన సరుకు లెక్క గీతలు గీసి, ఓడ ఆఫీసరు చేత సంతకం పెట్టించుకునే పని అది. దుమ్ము ఉండదని కాదు, ఉంటుంది. కానీ ఆకాశం కూడా ఉంటుంది. దానికి కంపెనీ రెండు షరతులు పెట్టింది. ఓడ అడుగున పనికి పనికిరాడని డాక్టరు రాయాలి. ఓడ ఆఫీసర్లతో నాలుగు ముక్కలు ఇంగ్లీషు మాట్లాడగలగాలి. మొదటిది సులువనీ రెండోది కష్టమనీ ఆయన అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. ఇద్దరం ఆరునెలల పాటు కష్టమైనదాని వెంట పడ్డాం.

మేం కంచరపాలెంలో రైలు పట్టాలకు దగ్గరగా ఒక పెంకుటింట్లో చెరో సగంలో ఉండేవాళ్లం. మధ్యలో ఒక గోడ, పెరట్లో ఇద్దరికీ ఒకే కుళాయి. నేను పత్రికలో ఉద్యోగం దొరికి కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాణ్ణి. మా వైపు ఎవరైనా కనిపిస్తే "బాగున్నారా" అంటాం, అవతలివాళ్లు "ఆ, బాగున్నాం" అంటారు, ఎవరి దారిన వాళ్లు పోతారు. ఈ ఊరొచ్చిన మొదటి వారంలో నేను కుళాయి దగ్గర మా పక్కింటాయన భార్యతో ఆ మాటే అన్నాను. బాగున్నారా అమ్మా అని. ఆమె బిందె కిందపెట్టి, చుట్టూ చూసి, ఏదో ఇలగున్నాం లెండి అని, మోకాళ్ల నొప్పి దగ్గర మొదలుపెట్టి, వాళ్ల అమ్మకు వచ్చిన పచ్చకామెర్ల మీదుగా, ఆడబిడ్డ గర్భసంచి ఆపరేషన్ దాకా చెప్పుకొచ్చింది. బిందె నిండి పారిపోయింది. అడిగినందుకు ఆవేళ నాకు ఎండుచేపల పులుసు వచ్చింది.

ఆమె పుట్టిల్లు సముద్రం ఒడ్డున వేటకు పోయేవాళ్ల పల్లె. పడవ ఇంకా నీళ్ల మీద ఉండగా బాగున్నామని ఎవరూ అనరట అక్కడ. వినకూడనివాళ్లెవరైనా విని దిష్టి పెడితే ఏమవుతుందో తెలీదు కదా. మా వీధి మొత్తానిదీ ఆ పద్ధతే. పలకరింపు "ఏటలా సిక్కిపోనావ్" అనే మాటతో మొదలవుతుంది. చిక్కకపోయినా అనాలి. మనిషి మునుపటికన్నా రెండు చుట్లు లావెక్కి ఉన్నా అనాలి. అవతలివాడు తనకున్న రోగాలన్నీ చెప్పాలి, లేకపోతే నిరుడు ఉన్నవి చెప్పాలి. నిజంగా ఏ బాధా లేనివాడు కాస్త సిగ్గుపడి, ఇంట్లోవాళ్ల రోగాలు చెప్పి బయటపడేవాడు. అడిగినవాడు నిలబడి వినేవాడు, ఆ డాక్టరు వద్దు ఈ డాక్టరు దగ్గరికి పో అనేవాడు. ఊరికే అడిగి వెళ్లిపోయేవాణ్ణి అక్కడ మర్యాద తెలీనివాడంటారు. మొదట్లో నన్నూ అన్నారు.

ఇలాంటి ఊళ్లో ఇంగ్లీషులో ఆరోగ్యం అడగడం ఎలాగో నేర్పే బాధ్యత మా పత్రిక నాకు అప్పగించింది. మేం జిల్లా పేజీలు విడిగా చిన్న సైజులో వేయడం మొదలుపెట్టిన రోజులవి. పేజీలు నింపాలి. ముగ్గులు, వంటలు, రాశిఫలాలు పోగా ఒక మూల మిగిలింది. ఆ మూలలో వారం వారం మాట్లాడే ఇంగ్లీషు నేర్పుదాం అన్నాడు మా ఇన్‌చార్జి. ఎవరు రాస్తారంటే నన్ను చూపించాడు. ఢిల్లీ నుంచి వచ్చే ఇంగ్లీషు వార్తలు తెలుగు చేసేవాణ్ణి కనుక, తిరిగి అటు కూడా చేయగలనని ఆయన నమ్మకం. నేను అప్పటికి ఇంగ్లీషువాణ్ణి ఒక్కణ్ణి కూడా దగ్గరగా చూడలేదు. ఆ మాట ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మొదటి పాఠం ఆరోగ్యం గురించే. నా వాక్యాలు ఇప్పటికీ గుర్తే, మరిచిపోదామన్నా పోవడం లేదు. "హౌ ఆర్ యూ అని ఎవరైనా అడిగితే జవాబు ఒక్కటే. ఐయామ్ ఫైన్, థాంక్యూ. వెంటనే మీరూ తిరిగి అడగండి. ఒంట్లో బాగోలేకపోయినా ఇదే చెప్పండి. అడిగినవారు వినడానికి అడగలేదని గుర్తుంచుకోండి. రోగాలు ఏకరువు పెట్టడం మోటుతనం." చివరి వాక్యం రాసినప్పుడు నాకు కుళాయి దగ్గర నిండి పారిన బిందె కళ్లముందు ఉందని ఒప్పుకోవాలి. వీధి మీద చిన్న కసి తీర్చుకున్నాను. అచ్చులో బాగుందని ఇన్‌చార్జి మెచ్చుకున్నాడు కూడా.

మా పక్కింటాయన ఆ ముక్కను కత్తిరించి, అన్నం మెతుకులతో గోడకు అతికించాడు. అద్దం పక్కన. పొద్దున్నే మొహం కడుక్కుని, తల దువ్వుకుంటూ, ఐయామ్ ఫైన్ అని అద్దంలో ఉన్నవాడికి చెప్పేవాడు. మధ్యలో దగ్గు వచ్చేది. దగ్గు తగ్గాక వదిలిన చోటు నుంచి థాంక్యూ అనేవాడు. గోడకు ఇవతల నేను టీ తాగుతూ వినేవాణ్ణి. నాకు గర్వంగా ఉండేదంటే ఇప్పుడు సిగ్గేస్తోంది గానీ, ఉండేది.

కుళాయి దగ్గర నా మీద సాధన చేసేవాడు. హౌ ఆర్ యూ సార్ అనేవాడు. నాకు పంటి నొప్పి ఉన్నా ఫైన్ అనేవాణ్ణి, పాఠం రాసినవాణ్ణే తప్పితే ఎలా అని. ఒకరోజు ఆయన ముఠాలో పనిచేసే మనిషి ఒకడు వీధిలో కలిసి, అలవాటుగా, ఏటి బావా సిక్కిపోనావ్ అన్నాడు. మావాడు ఐయామ్ ఫైన్ అని ముందుకు నడిచాడు. ఆ మనిషి నావైపు తిరిగి, వీడికి నాను ఏటి సేసినాను అని నన్నడిగాడు. తర్వాత పది రోజులు మాట్లాడుకోలేదు వాళ్లిద్దరూ.

పత్రిక ముక్క చాలదనిపించి ఆయన మద్దిలపాలెంలో ఒక కోచింగ్ సెంటర్లో చేరాడు. ఆ రోజుల్లో బస్ డిపో ఎదురుగా ఏ మేడ మెట్లెక్కినా రెండో అంతస్తులో ఇంగ్లీషు చెప్పేవాళ్లు. కింద టైర్ల షాపు, పైన ముప్ఫై రోజుల్లో ధారాళంగా. ఒకరోజు ఆయన అక్కడిచ్చిన కాగితం తెచ్చి చూపించాడు. మొదటి పాఠం, ఆరోగ్యం అడగడం. రోగాలు ఏకరువు పెట్టడం మోటుతనం అన్న మాట అక్షరం పొల్లుపోకుండా నాదే. నేను తిట్టుకున్నాను గానీ ఆయనకు నమ్మకం రెట్టింపయింది. పేపర్లోనూ అదే, మాస్టారూ అదే చెప్పారంటే ఇక తిరుగులేదన్నాడు.

ఇక్కడ ఫిట్‌నెస్ సంగతి చెప్పాలి. కంపెనీ ఏటా ఒకసారి కళాసీలందరినీ డాక్టరుకు చూపించేది. పేరుకు వైద్య పరీక్ష. ముఠాలో దాన్ని మొదట్నుంచీ పరీక్షగానే చూశారు, అంటే పాస్ కావాల్సినదిగా. ఫిట్ కాదని రాస్తే మర్నాటి నుంచి పని లేదు. తేలిక పని ఇవ్వడమనేది నిన్నమొన్న వచ్చిన మాట. అందుకని ఫిట్‌నెస్‌కు రెండ్రోజుల ముందు బీడీలు మానేసేవాళ్లు. దుమ్ము కడుపులోకి దిగిపోతుందని బెల్లం తినేవాళ్లు. బుగ్గన లవంగం పెట్టుకుని, డాక్టరు ముందు ఊపిరి ఎలా పీల్చాలో, దగ్గు గొంతులోనే ఎలా మింగాలో పాతవాళ్లు కొత్తవాళ్లకు నేర్పేవాళ్లు. మా పక్కింటాయన ఆ విద్యలో ఆరితేరినవాడు. పదిహేడేళ్లు పదిహేడుసార్లు పాసయ్యాడు.

ఆ ఏడు మాత్రం ఆయన ఫెయిల్ కావాలి. నేను వారం ముందే చెప్పాను. లోపలికి వెళ్లి దగ్గు బావా, ఆపుకోకు, ఆయాసం గురించి చెప్పు అన్నాను. ఆయన భార్య కూడా చెప్పింది. ఆయన సరేనన్నాడు. కానీ ఫిట్‌నెస్ రోజున పొద్దున్న చూస్తే చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. బుగ్గన లవంగం ఉంది. ఎందుకంటే నవ్వాడు, అలవాటు బావా అన్నాడు. ఆ రోజు నాకు సెలవు. తోడుగా వెళ్లాను. ఆ ఏడు డాక్టరు కొత్తవాడని, ఉత్తరాది మనిషని, తెలుగు ఒక్క ముక్క రాదని దారిలో తెలిసింది. అంత విచారించాల్సిన వార్త విని మా పక్కింటాయన మొహం వెలిగిపోయింది. ఇంగ్లీషు వచ్చని చూపించడానికి వేరే ఎవరి దగ్గరికీ పోనక్కర్లేదు, రెండు షరతులూ ఒకే గదిలో తీరిపోతాయి అనుకున్నాడు.

ఒకటి తీరింది. కాగితం మీద డాక్టరు ఓడ అడుగున పనికి పూర్తిగా పనికొస్తాడని రాశాడు. కింద, ఎవరూ అడగకపోయినా, ఇంగ్లీషు చక్కగా మాట్లాడుతున్నాడని కూడా రాశాడు. కంపెనీవాళ్లు మొదటి వాక్యం చదివి ఆయన్ని ఓడలోకి పంపారు. రెండో వాక్యం చదివి, ముఠాలో ఇంగ్లీషు తెలిసినవాడు ఒకడుండటం మంచిదే అన్నారు. ఆ తర్వాత ఓడ ఆఫీసరెవరైనా అంచున నిలబడి లోపలికి కేకేస్తే కింద నుంచి జవాబు చెప్పే పని కూడా ఆయనకే పడింది. హౌ ఆర్ యూ డౌన్ దేర్ అని ఒకాయన అడిగాడట. ఫైన్ సార్ అని చెప్పాడట.

ఫిట్‌నెస్ అయిన రోజు సాయంత్రమే ఆయన భార్య గోడ దగ్గరికి వచ్చింది. నా మీద కోపంగా ఉందని నిలబడటంలోనే తెలిసింది.

"అన్నియ్యా, నాకు సదువు నేదు, తెల్దు గనక అడుగుతన్నాను. మీ ఇంగ్లీషులో బాగోనేదు అనడానికి మాట నేదేటి?"

ఉందమ్మా అన్నాను.

"మరి ఆ మాట ఎందుకు నేర్పనేదు?"

ఆరో పాఠంలో ఉందని చెప్పాను. నిజమే. డాక్టరు దగ్గర బాధలు చెప్పుకోవడం ఎలా అన్నది ఆరో పాఠం. రాసి ఇచ్చాను కూడా. కానీ అయిదో పాఠంతో ఆ శీర్షిక ఆగిపోయింది. ఆ మూలకు ప్రకటన వచ్చింది. మద్దిలపాలెంలో కొత్తగా తెరిచిన ఇంగ్లీషు కోచింగ్ సెంటర్ ప్రకటన. ఇదంతా ఆమెకు వివరించబోయాను. ఆమె సగం విని, మీరు బాగానే ఉన్నారు కదా అని లోపలికి వెళ్లిపోయింది. ఆ వీధిలో అంతకన్నా పెద్ద తిట్టు నేను వినలేదు.

వారం తిరక్కుండా కంపెనీ పంపిన పత్రికా ప్రకటన ఒకటి నా బల్ల మీదికే వచ్చింది. వార్షిక వైద్య పరీక్షల్లో కార్మికులందరూ సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నట్టు తేలిందని దాని సారాంశం. దిద్దాల్సింది నేనే. దాన్ని చెత్తబుట్టలో వేయొచ్చు. అనుమానాలు రాయొచ్చు. నేను సంపూర్ణ అన్న మాట కొట్టేసి సింగిల్ కాలమ్‌లో వేశాను. అప్పట్లో దాన్ని ధైర్యం అనుకున్నాను.

తప్పు దిద్దుకోవాలని ఆయన తరఫున కంపెనీకి అర్జీ రాశాను. ఇంగ్లీషులో. రెండేళ్ల దగ్గు, ఆయాసం, నిచ్చెన మధ్యలో ఆగిపోవడం అన్నీ రాసి, మరోసారి పరీక్ష చేయించాలని కోరాను. ఆయన సంతకం ఇంగ్లీషులో పెట్టాడు, ఆరు నెలల చదువుతో. నెల తర్వాత జవాబు వచ్చింది. నేను వార్తల్లో ఎన్నో ఆఫీసు ఉత్తరాలు చూశాను గానీ అంత తెలివైనది చూడలేదు. పరీక్ష రోజున అర్జీదారు తాను బాగున్నట్టు, భోజనం, నిద్ర సక్రమంగా ఉన్నట్టు డాక్టరుకు స్వయంగా ఇంగ్లీషులో తెలియజేశాడు. ఇప్పుడు అందుకు విరుద్ధంగా చెప్తున్నాడు. కాబట్టి ఆ రోజు చెప్పినది అబద్ధమా, ఈ రోజు చెప్తున్నది అబద్ధమా, పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా తెలపాలి.

ఆ రోజుది అబద్ధమంటే డాక్టరుకు అబద్ధం చెప్పినందుకు చర్య. ఈ రోజుది అబద్ధమంటే పని ఎగ్గొట్టడానికి రోగం నటించినందుకు చర్య. రెండూ నిజమే అని రాద్దామా అనుకున్నాం. ఆ రోజు ఇంగ్లీషులో బాగున్నాడు, ఈ రోజు తెలుగులో బాగోలేదు. యూనియన్ నాయకుడి దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఉత్తరం రెండుసార్లు చదివి, వీళ్లు గట్టోళ్లు బావా అని మెచ్చుకుని, కొన్నాళ్లు జవాబు ఇవ్వకుండా ఊరుకోండి, వాళ్లే మర్చిపోతారు అన్నాడు. ఊరుకున్నాం. పదిహేను రోజులు దాటాయి. కంపెనీ మర్చిపోలేదు, గుర్తు చేయనూ లేదు. ఫైలు అలా ఉండిపోయింది. ఆయన ఓడలోకి దిగుతూ ఉండిపోయాడు. తర్వాత ఏడాది ఫిట్‌నెస్‌లో తెలుగు డాక్టరు వచ్చాడు. ఈసారి చెప్దామనుకున్నాడు. కానీ పాత కాగితం చూసి ఏమంటారోనని, చెబితే ఆ ప్రశ్న మళ్లీ లేస్తుందని, మళ్లీ బాగున్నాననే చెప్పాడు. ఆ మాటు తెలుగులో.

రెండువేల సంవత్సరం దాటాక ఓడ మూలల్లోని బొగ్గు కూడా లాగే యంత్రాలు వచ్చాయి. ముఠాల్ని స్వచ్ఛందంగా వెళ్లిపొమ్మన్నారు. స్వచ్ఛందంగా అన్న మాటకు అర్థం అప్పటికి ఊరందరికీ తెలుసు. ఆయనా వెళ్లిపోయాడు. నేను ఆ ఇల్లు వదిలి ఎంవీపీ కాలనీకి మారినా అప్పుడప్పుడు కంచరపాలెం వెళ్లి వస్తుంటాను. ఇప్పుడు ఆయన వీధి చివరి దాకా నడవాలంటే రెండు చోట్ల ఆగుతాడు. ఒక ప్రైవేటు డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసి, ఇది దుమ్ము తెచ్చిన జబ్బే అని నోటితో చెప్పాడు. కాగితం మీద రాసివ్వమంటే, ఏ పనిలో వచ్చిందో నేను రాయలేను, ఆ కంపెనీ డాక్టరే రాయాలి అన్నాడు. అది ఉంటేనే పరిహారానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

కంపెనీ ఈలోపు చేతులు మారింది. కొత్త డాక్టరు రాయాలన్నా పాత కాగితాలు చూడాలి. పాత ఉద్యోగుల వైద్య కాగితాలు తమ దగ్గర ఉన్నాయా అని అడుగుతూ కొత్త యజమానులకు నేను రెండు ఉత్తరాలు రాశాను, రెండోది రిజిస్టర్డ్ పోస్టులో. అందినట్టు సంతకంతో రసీదు తిరిగొచ్చింది. కాగితాలు ఉన్నాయని గానీ లేవని గానీ వాళ్లు ఇంతవరకు చెప్పలేదు.